పల్లవి రెండు పాదాలకు మించరాదు

దరఖాస్తు వచనంలో ఉందని కోటిలింగం వెనక్కి ఇచ్చేశాడు.

నీలాద్రిపేట మునిసిపాలిటీలో జనన మరణాల విభాగం కిటికీ అది. కోటిలింగం అందులో జూనియర్ అసిస్టెంటు. మెత్తటి మనిషి. లేదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. ఆ రోజు పదకొండు గంటలయ్యేసరికే అద్దాలు తళతళలాడుతున్నాయి.

"వచనంలో అంటే ఏంటండీ?" అంది హైమవతి.

"అంటే మామూలుగా రాశారమ్మా. మా అమ్మాయి పేరు చేర్చగలరని మనవి, అని. ఒకటో తారీకు నుంచి ఇలాంటివి తీసుకోవట్లేదు. పల్లవి ఉండాలి."

"దేనికి?"

"దరఖాస్తుకండి."

హైమవతి వెనక వరసలో నిలబడ్డ సైకిల్ షాపు గఫూర్ ముందుకు వంగి, "నాది నిన్న వెనక్కొచ్చిందమ్మా. మా వీధిలో దీపం లేదని పల్లవి రాసుకొచ్చా. మూడు పాదాలైందంట, ఒక పాదం కొట్టేసి రమ్మన్నారు. దీపం అన్న మాట ఆ మూడో పాదంలోనే ఉంది" అన్నాడు.

హైమవతికి ఇదేదో వేళాకోళంగా అనిపించింది. కానీ కోటిలింగం ముఖంలో నవ్వు లేదు. కిటికీ పక్కన గోడకి అంటించిన సర్క్యులర్ వైపు వేలు చూపించాడు.

హైమవతి కూతురికి అయిదేళ్లు. పుట్టినప్పుడు ఇంట్లో పేరు తేలలేదు. తాతగారు తన తల్లి పేరు పెట్టాలన్నారు, నాయనమ్మ దేవత పేరన్నారు. ఈ వాదన మూడో నెలకు ఒక కొలిక్కి వచ్చి నిరుపమ అని ఖాయమయ్యేలోపు, ఆస్పత్రివాళ్లు పేరు దగ్గర ఒక గీత గీసి కాగితం మునిసిపాలిటీకి పంపేశారు. అయిదేళ్లపాటు ఆ గీత ఎవరికీ అడ్డం రాలేదు. ఇప్పుడు బడి దగ్గర వచ్చింది. వీధి చివర బడిలో హెడ్‌మిస్ట్రెస్ మేరీ సుగుణగారు సీటు ఇస్తానన్నారు గానీ, "హాజరు వేసేటప్పుడు గీతను పిలవలేను కదమ్మా. ఇరవయ్యో తారీకులోపు పేరున్న పత్రం తెండి. ఆ తర్వాత సీటు నా చేతుల్లో ఉండదు" అన్నారు.

ఆ సీటు పోతే మిగిలింది హైవే అవతలి బడి. అక్కడికి పిల్లలు ఆటోలో వెళ్తారు. ఆ ఆటోని హైమవతి రోజూ చూస్తుంది. లోపల పదముగ్గురు, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, కాళ్లు బయట. తన పిల్లని అందులో ఎక్కించనని ఆమె అప్పుడే అనుకుంది. ఇరవయ్యో తారీకుకి ఇంకా పదిహేడు రోజులుంది.

అందుకని ఆమె కోపం తెచ్చుకోకుండా, గోడ దగ్గరికెళ్లి సర్క్యులర్ చదివింది.

"ఇందుమూలముగా యావన్మంది పౌరులకు, సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సర్క్యులరును పౌరుడు మరునాడే మరచుచున్నాడు. పాటను నలుబది ఏండ్లయినను మరువడు. కావున ఇకపై పురపాలక సంఘమునందలి సమస్త వ్యవహారములు పాట యొక్క నిర్మాణమును అనుసరించి జరుపబడును. దరఖాస్తుదారుడు పల్లవి వ్రాయవలెను. పల్లవి రెండు పాదములకు మించరాదు. సీనియర్ అసిస్టెంటు మొదటి చరణమును, సూపరింటెండెంటు రెండవ చరణమును, కమిషనరు చివరి చరణమును వ్రాయుదురు. ప్రతి చరణము తరువాత సదరు అధికారి పల్లవిని అక్షరము మారకుండ స్వహస్తముతో తిరిగి వ్రాసి సంతకము చేయవలెను. పిమ్మట ఫైలు పల్లవి స్థానమునకు, అనగా మొదటి కిటికీకి, తిరిగి రావలెను."

కమిషనరుగారు కొండమీద ఊళ్లో మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చారని, అక్కడ ఎవరో పాటల పండితుడు పల్లవి ఎందుకు మనసుకి పడుతుందో చెబితే ఆయన నోట్సు రాసుకున్నారని కోటిలింగం చెప్పాడు. తిరిగొచ్చిన రోజునే సిబ్బందినందరినీ పిలిచి ఉపన్యాసం ఇచ్చారట.

"మన ఫైళ్లు మొదలైన చోటికే తిరిగొస్తున్నాయని పత్రికలు విమర్శిస్తున్నాయి. పాట కూడా అంతే కదా. పాటను ఎవరైనా విమర్శిస్తున్నారా? లోపం తిరిగి రావడంలో లేదు. లయ లేకుండా తిరిగి రావడంలో ఉంది. పౌరుడి ఆవేదనకు లయ కల్పించడమే సుపరిపాలన."

ఆ వాక్యం దగ్గర సూపరింటెండెంటు చప్పట్లు కొట్టాడట. మిగతావాళ్లు ఆయన్ని చూసి కొట్టారట.

సర్క్యులర్‌లో ఇంకో రెండు పేరాలున్నాయి. చరణానికీ చరణానికీ మధ్య పాటలో వాద్య సంగీతం వస్తుంది గనుక, ఫైలు విషయంలో ఒక పూర్తి పనిదినాన్ని వాద్య సంగీతంగా భావించాలి. ఆ రోజు ఫైలును కదపరాదు. ఇక రెండో చరణం తర్వాత బ్రిడ్జి. "బ్రిడ్జి అనగా, అంతవరకు రాని బాణీలో, అంతవరకు రాని విషయముతో, ఒకే ఒక్కసారి వచ్చు భాగము. దీనిని వేరొక విభాగపు అధికారి వ్రాయవలెను."

హైమవతి డిగ్రీలో తెలుగు చదువుకుంది. వంటింట్లో పని చేసుకుంటూ రోజంతా పాటలు పాడుకుంటుంది. ఇందులో అబద్ధం ఏదీ లేదని ఆమెకు తెలుసు. పాటలో నిజంగానే అన్నీ ఉంటాయి. కుళాయి దరఖాస్తులో ఎందుకుండాలన్నదొక్కటే ఆమెకు బోధపడలేదు.

ఆఫీసు గేటు పక్క రేకుల షెడ్డులో ఇరవయ్యేళ్లుగా దరఖాస్తులు రాసే నాగేశం, బోర్డు మార్పించేశాడు. "అన్ని రకముల పల్లవులు వ్రాయబడును" అని ఉంది. హైమవతి విషయం చెప్పగానే పెన్ను అందుకున్నాడు.

"కరుణ రసంలో వేద్దామమ్మా. ఆఫీసర్ల గుండె కరగాలి. నిన్న డ్రైనేజీకి ఒకటి రాశాను, సీనియర్ అసిస్టెంటుగారు కళ్లు తుడుచుకున్నారంట."

"డ్రైనేజీ బాగుచేశారా?"

"అది చరణాల్లో తేలాలి. మన చేతిలో ఉన్నది పల్లవే కదమ్మా."

రాసిచ్చాడు.

"పేరు లేని పాపనండి,
పెద్ద మనసు చూపరండి."

కోటిలింగం పాదాలు లెక్కపెట్టి, బాగుందని తలాడించి, తీసుకున్నాడు.

మొదట్లో అంతా సజావుగానే సాగింది. సీనియర్ అసిస్టెంటు మొదటి చరణం రాశాడు.

"అర్జీ మాకు అందినది,
ఆవక సంఖ్య పడినది,
జత చేసిన పత్రములు
జాగ్రత్తగ చూడబడినవి."

కింద పల్లవి తిరగరాసి సంతకం పెట్టాడు. ఫైలు కోటిలింగం దగ్గరికి వచ్చి, ఒకరోజు వాద్య సంగీతం విని, సూపరింటెండెంటు దగ్గరికెళ్లింది. ఆయనకి పదహారు పాదాల చరణాలు రాసే అలవాటు ఉండటం వల్ల మూడు రోజులు పట్టింది. ఆఫీసులో అప్పటికే పోటీ మొదలైంది. ఎవరి చరణం బాగుందో మధ్యాహ్నం టీ దగ్గర చదివి వినిపించుకుంటున్నారు. సూపరింటెండెంటు ఒక మరణ ధ్రువీకరణకి రాసిన చరణం విని, ధ్రువీకరణ కోసం వచ్చిన కొడుకే ఇంకొక్కసారి చదవమన్నాడని చెప్పుకున్నారు.

ఆ తర్వాత ఫైలు బ్రిడ్జి కోసం శానిటరీ ఇన్‌స్పెక్టర్ భూషణం దగ్గరికి చేరింది.

పదకొండో తారీకు పొద్దున హైమవతి ఇంటి తలుపు ఎవరో కొట్టారు. తీస్తే, ఖాకీ బట్టల్లో అటవీ శాఖ మనిషి.

"కోతులెక్కడండీ?" అన్నాడు.

"ఏ కోతులు?"

"మీ దరఖాస్తులో ఉన్నాయండి. ఆరో వార్డు డాబాలపై అరవై కోతులు, ఆవకాయ జాడీలకి అవే కాపరులు, అని. సంఖ్య ధ్రువీకరించుకు రమ్మన్నారు."

అత్తగారు శేషారత్నం వంటింట్లోంచి తొంగి చూసి, "అరవై లేవు నాయనా, ఎక్కువలో ఎక్కువ ఒక పదకొండు. అందులో ఒకటి మా డాబా మీదే ఉంటుంది, చూసి వెళ్లు" అంది.

హైమవతి చెప్పులేసుకుని ఆఫీసుకి నడిచింది. కోటిలింగం ఆమెని చూడగానే కళ్లజోడు తీశాడు.

"బ్రిడ్జిలో కొత్త విషయం రావాలి కదమ్మా. భూషణంగారు కోతుల మీద రాశారు. చాలా బాగా కుదిరింది కూడాను. అయితే కోతులు అటవీ శాఖవి. అందుకని ఫైలు అటు వెళ్లింది."

"తిరిగెప్పుడొస్తుంది?"

"బ్రిడ్జి ఒక్కసారే రావాలని రాశారు గానీ, అక్కణ్ణించి తిరిగి రావాలని సర్క్యులర్‌లో ఎక్కడా లేదమ్మా."

"పాటలో బ్రిడ్జి ఉండేది తిరిగి రావడానికేనండీ. కాసేపు వేరే దారి పడితేనే కదా, మళ్లీ పల్లవి వినపడ్డప్పుడు ఇంటికొచ్చినట్టుంటుంది."

"నిజమేనమ్మా. మీరు ఆ శిక్షణకి వెళ్లి ఉండాల్సింది."

ఇంకా తొమ్మిది రోజులుంది. హైమవతి అక్కడి బల్ల మీద కూర్చుండిపోయింది. తలుపు తీసి ఉండటంతో లోపల సూపరింటెండెంటు కనబడుతున్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఇంట్లోవాళ్లతో బీరకాయల గురించి మాట్లాడుతూ, చేత్తో ఎవరి ఫైలులోనో పల్లవి తిరగరాస్తున్నాడు. ఒక్కసారి కూడా దాన్ని చదవలేదు. రాసి, సంతకం పెట్టి, "లేతవి చూసి తీసుకో" అని, తర్వాతి ఫైలు లాక్కున్నాడు.

హైమవతి అతన్నే చూస్తూ ఉండిపోయింది. తనూ అంతే. పొయ్యి దగ్గర నిలబడి ఏ పాట పాడినా, చరణాల్లో మాటలు వెతుక్కోవాలి. పల్లవి మాత్రం దానంతటదే వచ్చేస్తుంది. ఏం అంటున్నానో తెలియకుండానే నూటొక్కసారి అనేస్తుంది. మనిషి ఆలోచించేదంతా చరణంలోనే. పల్లవి దగ్గర ఆలోచన ఆగిపోతుంది, చెయ్యి ఒక్కటే నడుస్తుంది.

లేచి, కోటిలింగం దగ్గర తెల్లకాగితం అడిగింది. నాగేశం షెడ్డువైపు చూడకుండా తనే రాసింది.

"నిరుపమ అని పాప పేరు
నేడే రిజిస్టరులో చేర్చవలెను."

కోటిలింగం చదివాడు. "రెండు పాదాలే. సరిపోయింది. కానీ ఇందులో కరుణ లేదమ్మా."

"అక్కర్లేదులెండి."

అతను ఇంకోసారి చదివాడు. కళ్లజోడు తీయలేదు. స్టాంపు గుద్ది, లోపల పెట్టేశాడు. హైమవతి వెనకాల నిలబడ్డ గఫూర్ ఆమె భుజం మీదుగా అది చదివేశాడు. అతనూ ఒక తెల్లకాగితం అడిగాడు.

బ్రిడ్జి సంగతి మళ్లీ దైవానికి వదిలేయడం ఇష్టం లేక, రెండో చరణం పడిన రోజున హైమవతి నేరుగా భూషణం బల్ల దగ్గరికే వెళ్లింది.

"ఏవండీ, ఈసారి ఏ శాఖకీ చెందని విషయం రాయండి, మీకు పుణ్యముంటుంది."

భూషణం నొచ్చుకున్నాడు. "కోతులు బాలేవామ్మా?"

"బాగున్నాయండి. మా ఇంటికి మనిషొచ్చాడు."

అతను పెన్ను బుగ్గకి ఆనించుకుని ఆలోచించాడు. మబ్బులు? వాతావరణ శాఖ. సముద్రం? మత్స్య శాఖ. వెన్నెల రాద్దామంటే వీధి దీపాల విభాగం అభ్యంతరం పెడుతుంది. వాళ్లావిడ చేసే పులిహోర చాలా బాగుంటుందిగానీ, బియ్యం పౌర సరఫరాలవి, చింతపండు మార్కెట్ యార్డుది. అరగంట గడిచాక అతని ముఖం వెలిగింది.

"మధ్యాహ్నం కునుకు" అన్నాడు. "దీనికి ప్రత్యేకంగా శాఖ లేదు. అన్ని శాఖల్లోనూ ఉంది."

ఎనిమిది పాదాలు రాశాడు. భోజనం తర్వాత ఫ్యాను కింద కళ్లు మూతపడటం గురించి. హృదయంలోంచి వచ్చింది కాబట్టి ఎక్కడా కొట్టివేతలు లేవు. హైమవతి అడిగితే, కిందన పల్లవి కూడా రాసి సంతకం పెట్టాడు. ఇక కమిషనరుగారి చివరి చరణం ఒక్కటే మిగిలింది. మూడు రోజులుంది.

ఈలోగా గఫూర్ నోరు ఊరుకోలేదు. వరసలో నిలబడ్డవాళ్లందరికీ చెప్పాడు. పల్లవుల తీరే మారిపోయింది. "వీధి దీపము వెంటనే వేయవలెను" అని ఒకరు, "మురుగు కాలువకు మూత అమర్చవలెను" అని ఒకరు. అధికారులు ఎప్పట్లాగే చరణాల మీద చెమటోడ్చి, పల్లవి చేతికొచ్చినట్టు తిరగరాసి, సంతకాలు పెట్టారు. కరెంటు మేస్త్రీకి నలుగురు అధికారుల చేతిరాతలో "వేయవలెను" అన్న కాగితం చేరితే, అతను మాత్రం ఏం చేస్తాడు? నిచ్చెన తీసుకుని బయల్దేరాడు.

పదిహేడో తారీకు సాయంత్రం కమిషనరుగారి జీపు గఫూర్ వీధిలోంచి వెళ్తూ వెలుగులో ఆగింది.

"ఇక్కడ దీపం ఎవరు వేయమన్నారు?"

"తమరేనండీ" అన్నాడు పక్కన కూర్చున్న సూపరింటెండెంటు. "చివరి చరణం కింద తమ చేతిరాతే ఉంది."

మర్నాడు ఉదయం అత్యవసర సమావేశం. కమిషనరుగారు గంభీరంగా ఉన్నారు.

"పద్ధతిలో ఒక మౌలికమైన లోపం బయటపడింది. పనులు జరిగిపోవుచున్నవి. పరిశీలన లేకుండా, అభ్యంతరం లేకుండా, కనీసం ఒక మెమో లేకుండా. నిన్నటికి ఇరవై రెండు పనులు. ఇలాగే సాగితే వచ్చే సంవత్సరానికి మన దగ్గర పెండింగులో ఏమి మిగులుతుంది? పెండింగు లేని కార్యాలయానికి సిబ్బంది దేనికని పై నుంచి అడిగితే, నేను ఏ రాగంలో జవాబు చెప్పాలి?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పద్ధతి రద్దు కావాలని తీర్మానించారు. రద్దయిన క్షణం నుంచి పాట రూపంలో ఉన్న దరఖాస్తులన్నీ చెల్లవు. వచనంలో మళ్లీ పెట్టుకోవాలి, గడువు ముప్పై రోజులు.

ఆ మధ్యాహ్నం మూడింటికి కోటిలింగం హైమవతి ఇంటికొచ్చాడు. అత్తగారు మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"చెప్పండి. అయిపోయిందా?" అంది హైమవతి.

"ఇంకా లేదమ్మా. రద్దు ఉత్తర్వు పడాలి. అది పడితే మీ ఫైలు చెల్లదు."

హైమవతి గుమ్మం వైపు తిరిగింది. వాకిట్లో నిరుపమ బలపంతో గచ్చు మీద ముగ్గులాంటిదేదో గీస్తూ, తనలో తాను ఏదో పాడుకుంటోంది. రోడ్డు మీద హైవే బడి ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అయితే ఒక చిక్కుందమ్మా" అన్నాడు కోటిలింగం. "రద్దయ్యేదాకా పద్ధతి అమల్లోనే ఉన్నట్టు లెక్క. కాబట్టి రద్దు ఉత్తర్వుకీ పల్లవి ఉండాలి, చరణాలుండాలి. పల్లవి నన్ను రాయమన్నారు. ఇన్ని రోజులుగా జనాల పల్లవులు చదివి చదివి నా బుర్రలో ఒక్క పాదం కూడా మిగల్లేదు. మీకు రాయడం వచ్చు కదా అని వచ్చాను."

"నా ఫైలుని కొట్టేసే కాగితం నన్నే రాయమంటారా?" అంది హైమవతి.

కోటిలింగం జేబులోంచి తెల్లకాగితం తీసి, మడత విప్పి, అరచేత్తో సాపుచేసి ఆమె ముందు పెట్టాడు. కళ్లజోడు పెట్టుకుని గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

హైమవతి పెన్ను అందుకుంది. అత్తగారు రెండోసారి మజ్జిగ తెచ్చేసరికి రాయడం అయిపోయింది.

"పాట పద్ధతి రద్దు మాట
పరిశీలించవలెను."

కోటిలింగం చదివాడు. అతని పెదవులు ఒకపక్కకి కొంచెం కదిలాయి. నీలాద్రిపేట మునిసిపాలిటీలో అతను నవ్వగా చూసినవాళ్లు లేరు గనుక అది నవ్వేనని చెప్పడం కష్టం.

"బాణీ బాగుందమ్మా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

విషయం అత్యవసరం కాబట్టి రద్దు ఫైలుకి ఆరంభంలోనే కమిషనరుగారి అనుమతి తీసుకోవాలన్నారు. పంతొమ్మిదో తారీకు పొద్దున కోటిలింగం దాన్ని కట్టలో అన్నిటికంటే పైన పెట్టి, ఎర్ర జెండా తగిలించి, లోపలికి తీసుకెళ్లాడు. కమిషనరుగారికి పై కాగితం ఒక్కటే చదివే అలవాటు. "రద్దు" అన్న మాట కనబడగానే ఆయనకి మనసు కుదుటపడింది. పల్లవి స్వహస్తంతో రాసి సంతకం చేశారు. చెయ్యి ఊపు మీద ఉండగానే, కింద ఉన్న ఫైళ్లకి తలా ఒక చరణం, పల్లవి రాసేశారు. అందులో రెండోది హైమవతిది. మధ్యాహ్నం కునుకు గురించిన బ్రిడ్జి దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగి, "ఇతనికి ప్రతిభ ఉంది" అన్నారట.

పైవారి ఆజ్ఞ ప్రకారం సూపరింటెండెంటు ఆ క్షణం నుంచే రద్దు మాట పరిశీలించడం ప్రారంభించాడు. పరిశీలనకి ఒక కమిటీ వేశారు. కమిటీకి మొదట ఒక పల్లవి కావాల్సి వచ్చింది. అది దొరికాక వాద్య సంగీతం. ఆ ఊళ్లో ఇవాళ్టికీ దీపాలు వెలుగుతున్నాయి.

ఆ పంతొమ్మిదో తారీకు సాయంత్రం నాలుగింటికి కోటిలింగం రిజిస్టరు తెరిచాడు. ఫైలులో నలుగురు అధికారుల చేతిరాతలో, నాలుగు సంతకాలతో, నాలుగుసార్లు చేర్చవలెనని ఉంది. గీతను కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో పేరు రాశాడు. కొత్త పద్ధతి ప్రకారం ధ్రువీకరణ పత్రంలో తల్లి పేరు తర్వాత, తండ్రి పేరు తర్వాత, పుట్టిన తేదీ తర్వాత కూడా పాప పేరు మళ్లీ మళ్లీ వచ్చింది.

ఇరవయ్యో తారీకు పొద్దున తొమ్మిదింటికే హైమవతి కూతురిని వెంటబెట్టుకుని బడికెళ్లింది. మేరీ సుగుణగారు పత్రం అందుకుని, ముందువైపు చూసి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందువైపు చూశారు.

"ముప్పై ఏళ్ల సర్వీసులో ఇట్లాంటి సర్టిఫికెట్ చూళ్లేదండీ. పేరు ఇన్నిసార్లు ఎందుకుంది?"

"ఏం చెప్పమంటారు మేడమ్, చాలా పెద్ద కథ. సీలూ సంతకం సరిగ్గానే ఉన్నాయి, చూడండి."

ఉన్నాయి. ఆవిడ అడ్మిషను రిజిస్టరు దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీశారు. పిల్లల నోటివెంటే పేరు చెప్పించి రాసుకోవడం ఆవిడ పద్ధతి. బల్ల మీదుగా వంగి, "నీ పేరేంటి తల్లీ?" అన్నారు.

తొమ్మిది రోజులుగా ఇంట్లో పొయ్యి దగ్గరా, బావి దగ్గరా, జడ వేసేటప్పుడూ తల్లి నోట విన్నది ఒకటే పాట. నిరుపమ చేతులు కట్టుకుని, తల పైకెత్తి, తాళం తప్పకుండా అందుకుంది.

"నిరుపమ అని పాప పేరు
నేడే రిజిస్టరులో చేర్చవలెను."

మేరీ సుగుణగారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, "చిత్తం" అని పేరు రాసుకున్నారు.